చాట్‌బాట్ బిల్డర్‌ని సులువు చేయాలంటే ఏం తీసేయాలి, ఏం దాచాలి?

గవర్నర్‌పేట_ప్రొడక్ట్
చాట్‌బాట్లు తయారుచేసుకునే టూల్ ఒకటి రీడిజైన్ చేయాలి. వాడేవాళ్లు డెవలపర్లు కాదు. విజయవాడ సూర్యారావుపేట క్లినిక్కుల్లో రిసెప్షన్ వాళ్లు, ఆటోనగర్ స్పేర్ పార్టుల కౌంటర్ కుర్రాళ్లు, గుంటూరు మిర్చి కమీషన్ కొట్ల గుమాస్తాలు. లోపలికి రాగానే ఎడమ పక్కన ఇంటెంట్స్, ఎంటిటీస్, కాంటెక్స్ట్స్, ఫుల్‌ఫిల్‌మెంట్, వేరియబుల్స్, ఇంటిగ్రేషన్స్. మధ్యలో కాన్వాస్, దాని మీద పెట్టెల్ని కలిపే గీతల చిక్కుముడి. ఎక్కువమంది ఇంటెంట్ దగ్గరే ఆగిపోతున్నారు. ఇప్పటికే నడుస్తున్న బాట్లు ఆగకూడదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

బెజవాడ_యూఎక్స్
ముందు మెనూలో పేర్లు మార్చి ఊరుకోకండి. ఇంటెంట్‌ని "కస్టమర్ ఏం అడుగుతారు" అని, ఎంటిటీని "కనుక్కోవాల్సిన వివరం" అని రాస్తే కొంత నయమే, కానీ అసలు బరువు పేర్లలో లేదు. ఒకే సంభాషణని నాలుగు స్క్రీన్లలో ముక్కలు చేసి, ఆ ముక్కల్ని కలిపి ఊహించుకునే పని వాడేవాళ్ల మీద పడేశారు. డైలాగ్‌ఫ్లో ఈఎస్ (గూగుల్ వాళ్ల చాట్‌బాట్ టూల్) చూడండి: ఇంటెంట్ ఒకచోట, దాని తర్వాతి ప్రశ్నకి, ముందు మాట గుర్తుంచుకునే కాంటెక్స్ట్ వేరే, ఆ కాంటెక్స్ట్ ఎన్ని మాటల దాకా బతుకుతుందో చెప్పే అంకె ఇంకోటి. మామూలుగా 5 ఉంటుంది. ఆ 5 ఏమిటో రిసెప్షన్‌లో కూర్చున్నావిడ ఎందుకు తెలుసుకోవాలి?

పని చేసే పద్ధతి ఏమిటంటే, ఎడిటర్‌నే చాట్ కిటికీలా పెట్టండి. కస్టమర్ మాట, బాట్ జవాబు, కింద బటన్లు. ఏ మాట మీద నొక్కితే దాని సెట్టింగులు కుడి పక్కన తెరుచుకోవాలి. ఒక ప్రశ్న కింద ఇంకో ప్రశ్న కాస్త లోపలికి జరిపి రాస్తే, కాంటెక్స్ట్‌ని టూలే తయారుచేసుకోవాలి.

కొత్త బాట్ మొదలుపెట్టినప్పుడు ఖాళీ స్క్రీన్ చూపించొద్దు. మూడే మూడు ప్రశ్నలు: వ్యాపారం ఏమిటి, ఫోన్ చేసినవాళ్లు ఎక్కువగా ఏం అడుగుతారు, బాట్‌కి తెలియకపోతే ఎవరికి అప్పగించాలి. మూడోది చాలా టూల్స్‌లో ఎక్కడో అడుగున ఉంటుంది. దాన్ని పైకి తేవాలి, అది నింపనిదే పబ్లిష్ కానివ్వకూడదు.

మిర్చియార్డ్_డెవ్
చాట్ కిటికీ మాట ఒప్పుకుంటా గానీ, కాన్వాస్‌ని పూర్తిగా పీకేయొద్దు. మిర్చి రేట్ల బాట్‌లో రకం అడగాలి, తర్వాత ఏసీ సరుకా (కోల్డ్ స్టోరేజీలో పెట్టినది) కొత్త సరుకా, తర్వాత రేటు, అక్కడి నుంచి "ఇంకో రకం చూడండి" అంటూ వెనక్కి. ఇలా వెనక్కి తిరిగే దారులు పైనుంచి కిందికి రాసుకుంటూ పోయే చాట్‌లో కనపడవు. జవాబు కింద "రకం అడిగే చోటుకి వెళ్తుంది" అని లింకు చూపించండి. కాన్వాస్‌ని మాత్రం చూడటానికే ఉంచండి. గీతలు లాగే పని ఉండకూడదు, పెట్టె మీద నొక్కితే చాట్‌లో ఆ మాట దగ్గరకి తీసుకెళ్లాలి. దారి లేని పెట్టెల్ని ఎర్రగా చూపించడానికి ఆ మ్యాప్‌ని మించింది లేదు.

కృష్ణలంక_టెస్టర్
తెలుగు బాట్లయితే ఎవరూ పట్టించుకోని ఇరుకు ఒకటుంది: అక్షరాల పరిమితి. వాట్సాప్‌లో జవాబు బటన్లు 3 దాటకూడదు, ఒక్కో బటన్ మీద 20 క్యారెక్టర్లు. లిస్టు మెసేజ్‌లో మొత్తం 10 వరుసలు, వరుస పేరుకి 24, దాని వివరణకి 72. ఈ లెక్క కంటికి కనిపించే అక్షరాలది కాదు. గుణింతం, పొల్లు, ఒత్తు, సున్నా అన్నీ విడివిడిగా లెక్కలోకి వస్తాయి. "ప్రిస్క్రిప్షన్" కంటికి 4 అక్షరాలు, లెక్కలో 15.

ఇంకా తమాషా: "అపాయింట్‌మెంట్ కావాలి" అని బటన్ పెడితే 21 అవుతుంది, మెసేజ్ వెళ్లదు. ట్ కి మె కి మధ్య కనిపించని విడదీసే గుర్తు ఒకటుంది, అదీ ఒక క్యారెక్టరే. అది తీసేస్తే సరిగ్గా 20, కానీ ట కింద మ ఒత్తు వచ్చి చూడటానికి ఎబ్బెట్టుగా ఉంటుంది. "టైమ్ బుక్ చేయండి" లాంటి మాట వాడుకోవడం మేలు.

కాబట్టి టైప్ చేస్తుండగానే బటన్ పక్కన "ఇంకా 6 పడతాయి" అని కనపడాలి. పబ్లిష్ నొక్కాక ఎర్రర్ ఇస్తే అప్పటికే ఆలస్యం. డెవలపర్లకి: కంటికి కనిపించే అక్షరాలు లెక్కపెట్టే లైబ్రరీలు ఇక్కడ వాడొద్దు. జావాస్క్రిప్ట్ లెంగ్త్ ఇచ్చే అంకె తెలుగుకి సరిపోతుంది.

టెలిగ్రామ్‌లో బాధ వేరు. బటన్ వెనక పంపే డేటాకి 64 బైట్లే, తెలుగు క్యారెక్టర్ ఒక్కోటి యూటీఎఫ్-8లో 3 బైట్లు. అంటే 21 క్యారెక్టర్లు. బటన్ మీద మాటనే డేటాగా పంపే టూల్స్ అక్కడ చతికిలపడతాయి. చిన్న కోడ్ పంపి, మాటని మన దగ్గర ఉంచుకోవాలి.

గవర్నర్‌పేట_ప్రొడక్ట్
మెనూలో పదికి మించి విషయాలుంటే?

కృష్ణలంక_టెస్టర్
గుంపులు చేయాల్సిందే. 2025 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వాట్సాప్‌లో మన మిత్ర సేవని మొదలుపెట్టినప్పుడే 161 సేవలు, అన్నీ ఒక్క లిస్టులో పట్టవు కదా. పదకొండో వరుస చేర్చబోతే మీ టూలే "రెండు గుంపులుగా విడగొట్టమంటారా?" అని అడగాలి. చివరి వరుస ఎప్పుడూ "మనిషితో మాట్లాడాలి" అయితే మిగిలేవి 9 అని గుర్తుంచుకోండి.

అరండల్‌పేట_బ్యాకెండ్
ఇంటెంట్లకి ఉదాహరణ వాక్యాలు రాయించడం గురించి ఒక మాట. "కనీసం పది రాయండి" అంటే జనం ఒకే వాక్యాన్ని పది రకాలుగా తిప్పి రాస్తారు, ఉపయోగం సున్నా. తెలుగులో ప్రత్యయాలూ పక్క మాటలూ మాటకి అతుక్కుంటాయి: రేటు, రేట్లు, రేటెంత, రేటుందా. మాటల్ని విడివిడిగా చూసే పద్ధతికి ఇవి నాలుగూ వేరువేరు. రాసాలో (ఓపెన్‌సోర్స్ చాట్‌బాట్ సాఫ్ట్‌వేర్) అయితే మాటల్ని అంకెలుగా మార్చే కౌంట్‌వెక్టర్స్ ఫీచరైజర్‌ని చార్_డబ్ల్యూబీ (మాటని ముక్కలుగా చూసే పద్ధతి) మీద, 1 నుంచి 4 క్యారెక్టర్ల ముక్కలతో పెడితే "రేట" అన్న ముక్క అన్నిట్లోనూ దొరుకుతుంది, తప్పు స్పెల్లింగులు కూడా చాలావరకు కలిసొస్తాయి. ఈ సెట్టింగు స్క్రీన్ మీద కనపడక్కర్లేదు, తెలుగు అని ఎంచుకోగానే పడిపోవాలి.

ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసేవాళ్లు కోకొల్లలు. వాళ్ల కోసం వేరే ఇంటెంట్ తెరవొద్దు, అదే ఇంటెంట్‌లో ఆ వాక్యాలూ ఉండాలి. వాటిని యజమాని కూర్చుని ఊహించి రాయక్కర్లేదు. బాట్‌కి అర్థంకాని మెసేజ్‌లన్నీ రోజూ ఒకచోట చేరితే, ఒక్కోదాని పక్కన "ఇది దేని గురించి?" అని నొక్కించుకుంటే చాలు. ట్రైనింగ్ స్క్రీన్ అంటే అదే.

తేదీలు మాత్రం టైప్ చేయించకండి. "ఎల్లుండి", "ఆదివారం కాక సోమవారం", "మూడున్నర దాటాక" పట్టుకోవడానికి తంటాలు పడేకన్నా ఖాళీ ఉన్న తేదీలనే లిస్టుగా ఇవ్వండి.

ఆటోనగర్_ఏపీఐ
ఇప్పుడు ఎల్‌ఎల్‌ఎం (చాట్‌జీపీటీ లాంటి భాషా మోడల్) ఉండగా ఇంటెంట్లూ ఉదాహరణలూ ఎందుకండీ? వ్యాపారం వివరాలు ఒక పేజీ రాసిస్తే అదే మాట్లాడుతుంది.

అరండల్‌పేట_బ్యాకెండ్
మాట్లాడుతుంది, అడిగిన రేటు లేకపోయినా ఏదో ఒకటి చెప్తుంది. మోడల్‌కి ఒకే పని ఇవ్వండి: వచ్చిన మెసేజ్ మనం ఇచ్చిన జాబితాలో దేని కిందకి వస్తుందో కోడ్ చెప్పడం, దేనికీ రాకపోతే "ఏదీ కాదు". జాబితాలో లేని కోడ్ వస్తే తిప్పికొట్టాలి. రేటు, ఫీజు, డాక్టర్ టైమింగ్ యజమాని నింపే ఎక్సెల్ లాంటి షీటులోంచే రావాలి. ఖర్చు కూడా చూసుకోండి, చాలా మోడళ్లలో అదే విషయానికి ఇంగ్లీషు కన్నా తెలుగుకి టోకెన్లు (మోడల్ ఖర్చు లెక్కకట్టే మాట ముక్కలు) ఎక్కువ పడతాయి.

మిర్చియార్డ్_డెవ్
షీటు సంగతి వచ్చింది కాబట్టి. "వెబ్‌హుక్" అనే పెట్టె (బయటి సర్వర్ నుంచి వివరాలు తెచ్చేది) తీసేసి "షీటు నుంచి తీసుకో" అని పెడితే సగం మంది సొంతంగా చేసుకోగలరు. తప్పులు జరిగేది కూడా అక్కడే:

వరుస పేరు "తేజ" అని పెట్టి, కింద "తేజ తాలు" (నాసిరకం) ఉంటే, "తేజ ఎంత" అన్నవాడికి తాలు రేటు వెళ్లే ప్రమాదం ఉంది. మొదట పూర్తిగా సరిపోయేది వెతకాలి, లేకపోతే దగ్గరగా ఉన్నవాటిని బటన్లుగా చూపించి అడగాలి. 334 రకం పేరా, రేటా అన్నది అంకెను బట్టి తేల్చకూడదు, నిలువు వరుసను బట్టి తేల్చాలి. రేటు గడిలో కనిష్ఠం, గరిష్ఠం రెండూ ఒకేచోట కొడతారు. షీటు కలిపేటప్పుడే రెండు నిలువు వరుసలు అడిగి, "క్వింటాల్‌కి" అన్న మాట జవాబులో తప్పనిసరి చేయండి. అన్నిటికన్నా ముఖ్యం తేదీ: యార్డుకి సెలవైన రోజున పాత రేటునే ఈరోజు రేటులా పంపితే కొట్టు మీదకి గొడవకొస్తారు. షీటులో తేదీ నేటిది కాకపోతే జవాబు మొదట్లోనే ఆ తేదీ వేయాలి.

ఎర్రర్లు కూడా ఇదే భాషలో ఉండాలి. "403" కాదు, "మీ రేట్ల షీటు తెరుచుకోవట్లేదు, షేరింగ్ ఆపేశారేమో చూడండి".

బెజవాడ_యూఎక్స్
కంప్యూటర్ శాస్త్రవేత్త లారీ టెస్లర్ చెప్పిన సూత్రం ఉంది కదా, చిక్కు ఎక్కడికీ పోదు, ఎవరో ఒకరు మోయాలి అని. పైన చెప్పినవన్నీ యజమాని నెత్తిన ఉన్నదాన్ని టూల్ రాసేవాళ్ల మీదకి మార్చడమే. గవర్నర్‌పేట గారూ, మీ డెవలపర్ల పని పెరుగుతుంది. టైమ్ ముందే అడిగి పెట్టుకోండి.

అరండల్‌పేట_బ్యాకెండ్
నడుస్తున్న బాట్ల సంగతి. పాత ఫైళ్లని కొత్త పద్ధతిలోకి ఒక్క రాత్రిలో మార్చేయొద్దు. ప్రతి బాట్‌కి వెర్షన్ నంబర్ ఇవ్వండి. పాతదాన్ని కొత్త ఎడిటర్‌లో తెరిచినప్పుడు కాపీ మాత్రమే మారాలి, యజమాని చూసి పబ్లిష్ నొక్కేదాకా పాతదే నడవాలి. మారని భాగం ఉంటే, ఉదాహరణకి చేత్తో రాసిన కోడ్, దాన్ని తాళం వేసిన పెట్టెగా అలాగే ఉంచండి.

పబ్లిష్ చేసిన క్షణంలో మధ్యలో ఉన్న సంభాషణలే ఎక్కువ విరిగిపోతాయి. కస్టమర్ ఉన్న అడుగు కొత్త వెర్షన్‌లో ఉండదు, బాట్ నోరు మెదపదు. సంభాషణ మొదలైన వెర్షన్‌నే దాని వెంట రాసిపెట్టి, అది ముగిసేదాకా దాని మీదే నడపండి. వాట్సాప్‌లో కస్టమర్ చివరి మెసేజ్ నుంచి 24 గంటలు దాటితే ముందే అనుమతి తీసుకున్న టెంప్లేట్ తప్ప పంపలేం కాబట్టి, అంతకన్నా పాతవాటిని మూసేయొచ్చు. పాత మెసేజ్‌లోని బటన్ వారం తర్వాత నొక్కేవాళ్లుంటారు. బటన్ డేటాలో వెర్షన్, అడుగు రెండూ పెడితే "ఇది పాత మెనూ" అని చెప్పి కొత్తది ఇవ్వొచ్చు.

ఒకే జవాబు రెండుసార్లు వెళ్తోందని ఫిర్యాదులొస్తే మెసేజ్ ఐడీ చూడండి. మన సర్వర్ 200 ("అందింది" అన్న కోడ్) చెప్పడం ఆలస్యమైతే వాట్సాప్ అదే మెసేజ్ మళ్లీ పంపుతుంది. ముందు 200 ఇచ్చేసి, ఐడీ చూసినదైతే వదిలేసి, కొత్తదైతే అప్పుడు పని మొదలుపెట్టాలి.

కృష్ణలంక_టెస్టర్
పరీక్షకి పెద్ద హడావిడి అక్కర్లేదు. ఐదుగురు చాలని యూజబిలిటీ నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లో రాశాడు. కానీ ఆ లెక్క ఒకే రకం వాడుకదారులకి. మీకు క్లినిక్కు, స్పేర్ పార్టులు, మిర్చి కొట్టు మూడు రకాలు, ఒక్కో దాంట్లో ముగ్గురు నలుగురిని కూర్చోబెట్టండి. పని చెప్పేటప్పుడు స్క్రీన్ మీద ఉన్న మాట వాడొద్దు. "ఫాల్‌బ్యాక్ మార్చండి" అంటే వెతికి నొక్కేస్తారు. "బాట్‌కి అర్థం కాకపోతే మీ ఫోన్‌కి రావాలి, పెట్టండి" అనాలి. వాళ్ల సొంత ఫోన్‌లో, వాట్సాప్‌లోనే జవాబు వచ్చేదాకా పని అయినట్టు కాదు.

గవర్నర్‌పేట_ప్రొడక్ట్
అర్థంకాని మెసేజ్‌ల జాబితా, అక్షరాల లెక్క, షీటు. ఈ మూడూ పాత స్క్రీన్‌లోనే ముందు పెట్టేస్తే, చాట్ ఎడిటర్ తర్వాత వచ్చినా నడుస్తుందా?

బెజవాడ_యూఎక్స్
నడుస్తుంది. వెర్షన్ నంబర్ మాత్రం వాటికన్నా ముందు పెట్టండి.