“పరిత్యజింతు రురు...” ఆ రెండో ‘రు’ ఎందుకొచ్చింది?

మిస్సిసాగా:
అందరికీ నమస్కారం. వారం రోజులుగా ఒక పాదం నన్ను వదలడం లేదు. మా తెలుగు సంఘం సంచిక కోసం టొరంటో బాస్కెట్‌బాల్ జట్టు రాప్టర్స్ మొదటి సీజన్ (1995-96) మీద వ్యాసం రాస్తున్నాను. ఆ ఏడాది కెనడాలో ఒకేసారి రెండు ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) జట్లు పుట్టాయి. టొరంటోలో రాప్టర్స్, వాంకూవర్‌లో గ్రిజ్లీస్. 1995 నవంబర్ 3న ఇద్దరూ తొలి ఆట ఆడారు, ఇద్దరూ గెలిచారు. ఇక్కడ స్కైడోమ్‌లో న్యూజెర్సీ నెట్స్ మీద 94-79, గ్రిజ్లీస్ పోర్ట్‌లాండ్ వెళ్లి అక్కడి జట్టు మీద 92-80. చివరికి రాప్టర్స్ నిలిచారు, 2019లో కప్పు కొట్టారు. గ్రిజ్లీస్ ఆరు సీజన్లు ఆడి 2001లో మెంఫిస్ వెళ్లిపోయారు.

వ్యాసం పైన ‘ఆరంభింపరు నీచమానవులు’ పద్యం వేద్దామనుకున్నాను. భర్తృహరి నీతిశతకానికి లక్ష్మణకవి తెలుగు. విఘ్నాలకు భయపడి నీచులు మొదలే పెట్టరు, మధ్యములు మధ్యలో వదిలేస్తారు, ధీరులు విడవరు అని. మూడు పాదాలు నోట్లో ఉన్నాయి. రెండో పాదం మాత్రం “యారంభించి పరిత్యజింతురు... విఘ్నాయత్తులై మధ్యముల్” అని మధ్యలో ఒక అక్షరం తగ్గుతోంది. ఇంట్లో ఉన్న పాత పుస్తకంలో “పరిత్యజించురురు” అని ఉంది. ఆ రెండో ‘రు’ అచ్చుతప్పా, పాఠమేనా?

శార్దూలం:
పాఠమే. “పరిత్యజింతు రురువిఘ్నాయత్తులై”. శార్దూల పద్యం గణాలు మ-స-జ-స-త-త-గ కట్టి చూడండి, నాలుగో గణం ‘రురువి’. ఒక ‘రు’ తీస్తే స-గణం కూలిపోతుంది, యతి స్థానం కూడా తప్పిపోతుంది. పదమూడో అక్షరం ‘ఘ్నా’లో ఆయత్తంలోని ఆకారానికీ పాదం మొదటి ‘యా’కూ యతి కుదిరింది కదా.

గోదారి గట్టు:
గణం సరే, అసలు తేడా ‘త్యజించురు’, ‘త్యజింతురు’ల మధ్య ఉంది. మా ఊళ్లో తెలుగు మేష్టారు ‘ంతురు’ అనే చెప్పించేవారు. త్యజించు మీద ‘దురు’ ప్రత్యయం వస్తే ‘త్యజింతురు’ అవుతుంది గానీ ‘త్యజించురు’ ఎలా అవుతుంది? రెంటికీ గణం సరిపోతుంది కాబట్టి అచ్చువాళ్లు ఏదో ఒకటి వేసేస్తున్నారు.

శార్దూలం:
‘ంతురు’ అన్నదాంతో నాకు పేచీ లేదు. ఆయన అడిగింది ‘ఉరు’ సంగతి.

మిస్సిసాగా:
అంటే పరిత్యజింతురు + ఉరువిఘ్న. ఇప్పుడు అర్థమైంది. చాలామంది దీన్ని ‘రురువిఘ్న’ అని ఒకే ముక్కగా చదువుతారు. ‘ఉరు’ అంటే గొప్ప అనే కదా? గొప్ప విఘ్నాలకు లొంగి మొదలుపెట్టింది వదిలేసేవాళ్లు మధ్యములు. అలాగైతే వాంకూవర్ మధ్యముల లెక్కలోకి, టొరంటో ధీరుల లెక్కలోకి వస్తాయి. వ్యాసం నడక కూడా అదే.

బర్నబీ:
ఆ లెక్క నాకు మింగుడు పడటం లేదండీ. ఆ మొదటి సీజన్‌లో నేను వాంకూవర్ జట్టు హాలు జీఎం ప్లేస్‌కి వెళ్లి ఆటలు చూసినవాణ్ణి. సొంతగడ్డ మీద మొదటి ఆటలో మిన్నెసోటాని ఓవర్‌టైమ్‌లో 100-98తో గెలిచాం. చివరి క్షణంలో బోర్డు దగ్గర గాల్లో ఉన్న బంతిని క్రిస్ కింగ్ లోపలికి తోశాడు. రెండాటలు, రెండు గెలుపులు. ఊరు ఊరంతా ఊగిపోయింది. ఆ తర్వాత వరసగా 19 ఓటములు. మళ్లీ ఫిబ్రవరి నుంచి వరసగా 23. మొత్తం 15 గెలుపులు, 67 ఓటములు.

ఆ 19లో ఒకటి నవంబర్ 30న చికాగో బుల్స్‌తో. చివరి క్వార్టర్‌లో కూడా మాదే పైచేయి. మా డారిక్ మార్టిన్ కుర్రతనం కొద్దీ బుల్స్ ఆటగాడు జోర్డాన్‌ని ఏదో అన్నాడు. ఆ క్వార్టర్‌లో జోర్డాన్ ఒక్కడే 19 పాయింట్లు కొట్టి 94-88తో ఆట లాక్కుపోయాడు. హాల్లో కూర్చున్న మేం మా జట్టు ఓడిపోతోందని తెలిసీ కుర్చీల్లోంచి లేవలేదు. ఇన్ని ఓడినా మర్నాడు మళ్లీ వచ్చి ఆడారు ఆ కుర్రాళ్లు. వాళ్లని మధ్యములంటే ఒప్పుకోను. వదిలేసింది ఆటగాళ్లూ కాదు, ఊరూ కాదు. అందుకే ఆ ‘ఉరు’ మీద గట్టిగా నిలబడమంటున్నాను. విఘ్నం చిన్నదైతే మాట వేరు.

శార్దూలం:
మీ బాధ అర్థమైంది కానీ ‘ఉరు’ అంత బరువు మోయలేదు. సంస్కృత మూలం చూడండి: “ప్రారభ్య విఘ్నవిహతా విరమంతి మధ్యాః”. ఉత్త విఘ్నమే, ‘ఉరు’ లేదు. భర్తృహరి చిన్నా పెద్దా తేడా పెట్టలేదు. లక్ష్మణకవికి ‘రు’ తర్వాత ఒక లఘువు కావాల్సి వచ్చింది, ‘ఉరు’ పడింది. పాదపూరణం, గణం నింపడానికి వేసిన మాట.

కాకినాడ నుంచి:
లక్ష్మణకవి మీద ‘పాదపూరణం’ మాట అంత తేలిగ్గా వేయకండి. భర్తృహరిని తెలుగు చేసినవాళ్లలో ఎలకూచి బాలసరస్వతి ఉన్నాడు, పుష్పగిరి తిమ్మన ఉన్నాడు. అయినా జనం నాలుక మీద నిలిచింది ఈ పెద్దాపురం సీమ కవే. ‘తివిరి ఇసుమున తైలంబు’ రాని తెలుగువాడున్నాడా? ఆయనకి చెవి ఉంది.

ఒక చిన్న పరీక్ష పెడతాను. అక్కడ ‘ఉరు’ బదులు ‘అతి’ వేసినా గణం చెడదు: “పరిత్యజింతు రతివిఘ్నాయత్తులై”. సంధీ కుదురుతుంది, అర్థమూ ఇంచుమించు అదే. అయినా ఆయన వేయలేదు. పైకి చదివి చూడండి. వినేవాడికి ‘రతివిఘ్నం’ అని వినిపిస్తుంది! నీతిశతకంలో శృంగారం తొంగిచూస్తుంది. అది రాకూడదనే ‘ఉరు’ పట్టుకున్నాడని నా సిద్ధాంతం. ఎంచుకుని వేసిన మాటని పూరణం అనం.

శార్దూలం:
‘రతివిఘ్నం’ పరిశీలన బాగుంది, ఒప్పుకుంటున్నాను. కానీ దాంతో తేలేది ‘అతి’ ఎందుకు వద్దనుకున్నాడన్నదే. ‘ఉరు’ అర్థం కోసమే వేశాడని ఎలా తేలుతుంది?

ఆదిపర్వం:
‘రురు’ అని వినగానే మీ ఎవరికీ నన్నయ గుర్తు రాలేదా? రురుడు! పెళ్లికి ముందు ప్రమద్వర పాము కాటుకి చనిపోతే తన ఆయుష్షులో సగం ఇచ్చి బతికించుకున్నవాడు. లక్ష్మణకవి కాలం పండితుడికి ఆదిపర్వం రాదంటే నమ్మను. ఆ ధ్వని అక్కడ ఊరికే పడలేదు.

ఇంకా ముందుకెళ్తే, ఆ కోపంతో కనబడ్డ పామునల్లా చంపుతానని మొదలుపెట్టాడు రురుడు. డుండుభం అనే పాము ఎదురై, అహింస గురించి చెప్పి, అతన్ని ఆపింది. అంటే ఆరంభించి పరిత్యజించినవాడే. మరి రురుణ్ణి మధ్యముడంటామా? నన్నయ ఆ కథ నడిపిన తీరు చూడండి. ప్రమద్వర పడిపోయినప్పుడు చుట్టూ మునులంతా ఏడుస్తారు, రురుడు మాత్రం ఒంటరిగా అడవిలోకి వెళ్లి దేవతలను వేడుకుంటాడు. అంత దుఃఖాన్ని అంత కొద్ది మాటల్లో పెట్టినవాడు తెలుగులో ఇంకొకడు లేడు.

గోదారి గట్టు:
నన్నయ గురించి మీరు చెప్పింది నిజం. అయితే ‘రురువు’కి జింక అని కూడా అర్థం ఉంది. ధ్వనిమాత్రంగా పట్టుకుంటే ఎటైనా పోవచ్చు. పద్యంలో రురుడూ లేడు, జింకా లేదు.

మిస్సిసాగా:
బర్నబీ గారూ, మీరన్న ఊరి ప్రేమ నాకు తెలుసు. కానీ విఘ్నాలు మాకేం తక్కువా? ఎక్స్‌పాన్షన్ డ్రాఫ్ట్‌లో (కొత్త జట్లు పాత జట్ల ఆటగాళ్లని ఎంచుకునేది) రాప్టర్స్ మొట్టమొదట ఎంచుకున్న బీజే ఆర్మ్‌స్ట్రాంగ్ ఇక్కడికి రానన్నాడు. అతన్ని గోల్డెన్ స్టేట్‌కి ఇచ్చి వేరేవాళ్లని తెచ్చుకోవాల్సి వచ్చింది. మామూలు డ్రాఫ్ట్ (లీగులోకి కొత్తగా వచ్చే కుర్రాళ్లని జట్లు వంతులవారీగా ఎంచుకునేది) మా స్కైడోమ్‌లోనే జరిగింది. డేమన్ స్టౌడమైర్ పేరు పిలవగానే మా జనమే గోలపెట్టారు, వాళ్లకి ఎడ్ ఓబానన్ కావాలట. 5 అడుగుల 10 అంగుళాల కుర్రాడు ఎన్‌బీఏలో ఏం ఆడతాడని. ఆ కుర్రాడే సీజన్ మొత్తం సగటున ఆటకి 19 పాయింట్లు, 9.3 అసిస్టులు (తోటివాళ్లకి పాయింట్లు తెచ్చిపెట్టే పాస్‌లు) చేసి రూకీ ఆఫ్ ది ఇయర్, అంటే కొత్త ఆటగాళ్లలో మేటి, అయ్యాడు. అతనికంటే ఒక స్థానం ముందు, ఆరో పిక్‌లో (ఎంపిక వంతులో) వాంకూవర్ తీసుకున్నది బ్రయంట్ రీవ్స్‌ని.

స్కైడోమ్ అనే ఆ బేస్‌బాల్ మైదానంలో నేల పరిచి ఆడేవాళ్లు. పైవరసల్లో కూర్చుంటే బంతి కూడా సరిగా కనబడదు. 1996 మార్చి 24న అదే చోట 36,000 మందికి పైగా జనం ముందు, ఆ ఏడాది 72 గెలుపులు, 10 ఓటములతో రికార్డు కొట్టిన బుల్స్‌ని 109-108తో ఓడించారు. స్టౌడమైర్‌వి 30 పాయింట్లు. మొత్తం సీజన్‌లో గెలిచినవి 21, ఓడినవి 61. ధీరుల పాదంలోని “విఘ్ననిహన్యమానులగుచున్” అంటే ఇదే. దెబ్బ మీద దెబ్బ తింటూనే విడవకపోవడం.

బర్నబీ:
ఆ గెలుపు నేనూ టీవీలో చూసి సంతోషించాను, కాదనను. కానీ మీరు చెప్పినవి ఆటలోని విఘ్నాలు. నేను చెప్పేవి ఆట బయటివి. చేరడానికి ఒక్కో జట్టూ 12.5 కోట్ల డాలర్లు కట్టింది. కట్టించుకున్న లీగే మొదటి కొన్నేళ్లు డ్రాఫ్ట్‌లో మొదటి పిక్ మీకివ్వం అని రాయించుకుంది. ఆ షరతు మీకూ ఉంది. 1996లో మొదటి పిక్ కోసం తీసే లాటరీ తగిలింది మీకే, అయినా ఆ పిక్‌తో ఐవర్సన్‌ని ఫిలడెల్ఫియా పట్టుకుపోయింది. ఆ ఏడాది అందరికంటే అడుగున ఉన్న మాకు దక్కింది మూడో పిక్. ఆదాయం కెనడా డాలర్లలో, జీతాలు అమెరికా డాలర్లలో. మారకం ఏటికేడాది పడిపోతుంటే యజమానులు మారారు. 2000లో జట్టుని కొన్నతను మరుసటి ఏడాదే మూట కట్టాడు.

ఇప్పుడు ‘ఆయత్తులై’ చూడండి. మనం మామూలుగా ‘ఆయత్తం’ అంటే సిద్ధం అనుకుంటాం. సంస్కృతంలో ‘ఆయత్తం’ అంటే అధీనం, మరొకరి చేతిలో ఉండటం. విఘ్నాయత్తులు అంటే భయపడి పారిపోయినవాళ్లు కాదు. భయపడేది మొదటి పాదంలో నీచులు, “విఘ్నాయాససంత్రస్తులై”. కవి ఈ రెంటినీ విడివిడిగా పెట్టాడు. మూలంలో ‘విహతాః’, దెబ్బతిన్నవాళ్లు. తెలుగులో ‘ఆయత్తులు’, చేయి దాటిపోయినవాళ్లు. దాని ముందు ‘ఉరు’. మధ్యములను నిందించడం కవికి ఇష్టం లేదు. వాళ్ల మీద జాలి ఉంది ఆయనకి.

శార్దూలం:
‘ఆయత్తులు’ మీద మీరు చెప్పింది బలంగా ఉంది. యతి కోసం ఆకారం కావాలి కాబట్టి ‘ఆయత్త’ వచ్చిందని నేననగలను, కానీ ఆకారంతో మొదలయ్యే మాటలు ఇంకా బోలెడున్నాయి. జాలి అన్నది మాత్రం ఎక్కువ. పద్యం పోకడ మెట్లెక్కడం: నీచులు, మధ్యములు, ధీరులు. మధ్య మెట్టు మీద జాలి చూపిస్తే పైమెట్టుకి వన్నె తగ్గుతుంది.

కాకినాడ నుంచి:
తగ్గదు, పెరుగుతుంది. అడ్డం చిన్నదైతే దాటినవాడి గొప్పేముంది? మధ్యములని ఆపింది ‘ఉరువిఘ్నం’ అయితేనే, అదే విఘ్నానికి ఎదురునిలిచిన ధీరుడికి ఎత్తు. పైగా ‘ఉరు’కి గొప్ప అని ఒక్కటే అర్థం కాదు, విశాలం కూడా. ఉరుక్రముడు అంటే పెద్ద అంగలవాడు, వామనుడు. అన్నివైపులా పరుచుకున్న విఘ్నం అని చదవండి. బర్నబీ గారు చెప్పిన డాలరూ, డ్రాఫ్టూ, యజమానీ అన్నీ అందులో పడతాయి.

మిస్సిసాగా:
అలా చదివితే అదే విశాలవిఘ్నం టొరంటోకీ ఉంది కదా. అదే షరతు, అదే డాలరు. మేం ఎందుకు నిలిచాం?

బర్నబీ:
ఊరు పెద్దది, డబ్బున్న ఊరు. విన్స్ కార్టర్ లాంటి ఆటగాడు దొరికాడు. 1999లో కొత్త హాలు వచ్చింది. మాకు అదే ఏడు రెండో పిక్‌లో తీసుకున్న స్టీవ్ ఫ్రాన్సిస్ రానన్నాడు, హ్యూస్టన్‌కి పంపాల్సి వచ్చింది. మీ ధైర్యాన్ని తక్కువ చేయడం లేదు. “ధృత్యున్నతోత్సాహులై” (ధైర్యంతో పెరిగిన ఉత్సాహం ఉన్నవాళ్లు) అన్న మాట వాంకూవర్ మొదటి సీజన్‌కీ వేయండి అంటున్నాను, అంతే. 23 ఓటముల వరస నడుస్తున్నప్పుడు కూడా హాలుకి వచ్చినవాళ్లం ఉన్నాం.

ఆదిపర్వం:
ఈ లెక్కన రురుడే సరైన ఉపమానం. సగం ఆయుష్షు ఇచ్చినవాడు. నా మాట ఎవరూ పట్టించుకోవడం లేదు.

గోదారి గట్టు:
‘ధృత్యున్నతోత్సాహులై’ మూలంలో లేదు, గమనించారా? మూలంలో “పునః పునరపి ప్రతిహన్యమానాః”, మళ్లీ మళ్లీ దెబ్బలు తింటూ అని ఉంది. ఆ ‘మళ్లీ మళ్లీ’ని తెలుగులో వదిలేసి ఉత్సాహం చేర్చాడు. నన్నడిగితే వదిలేసిన ఆ ‘పునః పునః’ చప్పుడే పై పాదంలో ‘రురు’గా మిగిలింది.

శార్దూలం:
అది ధీరుల పాదంలోది, ఇది మధ్యముల పాదం. చప్పుడు పాదం దాటి పైకెక్కదు.

మిస్సిసాగా:
సంచికలో పద్యం ఇలా వేస్తున్నాను, తప్పుంటే ఈ రాత్రిలోగా చెప్పండి:

ఆరంభింపరు నీచమానవులు విఘ్నాయాససంత్రస్తులై
యారంభించి పరిత్యజింతు రురువిఘ్నాయత్తులై మధ్యముల్
ధీరుల్ విఘ్ననిహన్యమానులగుచున్ ధృత్యున్నతోత్సాహులై
ప్రారబ్ధార్థము లుజ్జగింపరు సుమీ ప్రజ్ఞానిధుల్ గావునన్

వ్యాసంలో వాంకూవర్‌కి ఒక పేరా అనుకున్నది మూడు పేరాలు చేశాను. మార్టిన్, జోర్డాన్ సంగతి కూడా పెట్టాను. మధ్యములు అన్న మాట మాత్రం ఇంకా తీయలేదు.

బర్నబీ:
తీసేయండి. లేదా ‘ఉరు’ని పెద్దక్షరాల్లో వేయండి.

కాకినాడ నుంచి:
పాఠం సరిగ్గా ఉంది. ఒక్క మాట. నాలుగో పాదంలో ‘గావునన్’ దేనికి అన్వయం? ప్రజ్ఞానిధులు కాబట్టి విడవరా, లేక విడవరు కాబట్టి ప్రజ్ఞానిధులా? మూలంలో ఉన్నది ‘ఉత్తమ’ మాట. ప్రజ్ఞ ఎక్కణ్ణుంచి వచ్చింది?

శార్దూలం:
మొదటిదే. ‘కావునన్’ కారణం చెబుతుంది. ‘ప్ర’కి ‘ప్ర’ యతి కోసం ప్రజ్ఞ వచ్చింది.

కాకినాడ నుంచి:
మళ్లీ యతి!