బీడీ వాసనొచ్చే చేతుల్తో "బీడీ బంద్ చెయ్" అంటే చెల్లుతదా? దవాఖాన సిబ్బంది అలవాట్ల మీద చర్చ

పాలమూరు_సిస్టర్:
సూటిగా అడుగుతున్నా. డాక్టరు, నర్సు, ల్యాబ్ టెక్నీషియన్, ఆశ, అంబులెన్స్ డ్రైవర్, వీళ్లెవరూ పొగాకు ముట్టొద్దని ఉద్యోగంలోనే షరతు పెట్టాలా, అది వాళ్ల సొంత విషయమా? పెట్టాలనే నేనంటా. మామూలు టీబీకి మందులు ఆరు నెలలు. వచ్చిన ప్రతిసారీ పేషెంటుకు బీడీ మానమని చెప్పాలి, పొగ తాగేవాళ్లకు టీబీ వచ్చే ముప్పు సుమారు రెండింతలు కాబట్టి. ఆ మాట చెప్పే మనిషి జేబులో అగ్గిపెట్టె కనబడితే, నారాయణపేట నుంచి బస్సెక్కి వచ్చిన పెద్దమనిషి "వీళ్లే తాగుతున్నరు, అంత ప్రమాదమేం లేదు" అనుకుంటడు. 2005లో పొగాకు వ్యతిరేక దినానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ తీసుకున్న అంశం వైద్య సిబ్బంది పాత్రే. అంతకుముందు ఏడాది వైద్య సంఘాల కోసం తయారైన నియమావళిలో మొదటి అంశం, సిబ్బంది తాము పొగాకు వాడకుండా ఆదర్శంగా ఉండాలనే.

దేవరకొండ_పల్లెదవాఖాన:
సిస్టర్, ఆ మొదటి అంశం పూర్తిగా చదవండి. సభ్యులు మానేలా వైద్య సంఘాలు ప్రోత్సహించాలి, తోడ్పడాలి అని ఉంది. మానకుంటే ఉద్యోగం ఇవ్వొద్దని లేదు. షరతు పెడితే జరిగేది ఒకటే, అలవాటు దాచుకుంటరు. దాచుకున్న మనిషి పేషెంటును ఆ ప్రశ్న అడగడానికే జంకుతడు. అసలు నష్టం అక్కడ.

అడగడంలోనే సగం పని ఉంది. ముప్పై దాటినోళ్లకు ఆశ కార్యకర్త నింపే ఫారంలో పొగాకు ప్రశ్న ఉంది, దానికి మార్కులు ఇట్లా: ఎప్పుడూ లేదంటే సున్నా, ఒకప్పుడు వాడి మానేసినా అప్పుడప్పుడు వాడుతున్నా ఒకటి, రోజూ అయితే రెండు. దాన్ని "పొగ తాగుతవా?" అని అడిగితే జర్దా పాన్ నమిలే అవ్వ లేదంటది, బొంబాయి పనికి పోయొచ్చి ఖైనీ పెట్టుకునే పిలగాడూ లేదంటడు. ఇద్దరికీ సున్నా పడుతది. బీడీ, సిగరెట్, చుట్ట, ఖైనీ, గుట్కా, జర్దా... ఒక్కొక్కటి పేరు పెట్టి అడగాలి. తర్వాత రోజుకు ఎన్ని, నిద్ర లేచిన ఎంతసేపటికి మొదటిది, మానే తేదీ ఎప్పుడు. ఇవన్నీ ఓపిగ్గా అడిగే మనిషి తాను బీడీ తాగేవాడైనా, తాగకుండా ఊరికే ఉపన్యాసమిచ్చే మనిషికన్నా మేలు.

జడ్చర్ల_వార్డు:
ఇద్దరూ కౌన్సెలింగ్ కాడనే ఆగిన్రు. వార్డులో సంగతి వేరే ఉంటది. ఆక్సిజన్ ఎక్కువున్న చోట చిన్న నిప్పురవ్వ కూడా భగ్గుమంటది, సిలిండర్ గది పక్కన బీడీ అంటే ప్రాణాలతో చెలగాటం. చేతికి రాసుకునే శానిటైజర్‌ల ఆల్కహాల్ ఉంటది, అది ఆరకముందే అగ్గిపుల్ల గీస్తే చెయ్యి అంటుకుంటది. ఇంకోటి, శానిటైజర్‌తోని క్రిములు పోతయి, యూనిఫాంకు పట్టిన పొగ పోదు. కడాఖరి దమ్ము గుంజినంక కూడా కొద్దిసేపు ఊపిరిల పొగ వస్తనే ఉంటది. గట్లనే పోయి ఆస్తమా పోరనికి నెబులైజర్ మాస్కు పెడితే ఒకవైపు మందు, ఇంకోవైపు పొగ.

చట్టం కూడా సగమే కాపాడుతది. 2003 పొగాకు చట్టంల 4వ సెక్షన్ కింద దవాఖానల పొగ తాగితే 200 దాకా జరిమానా. 2008 రూల్స్ ప్రకారం బోర్డు పెట్టాలె, ఫిర్యాదు ఎవరికి చెయ్యాలెనో ఆ బోర్డు మీద పేరు రాయాలె. ఆ జాగ చాన బోర్డుల మీద ఖాళీగనే ఉంటది. ఖైనీ నమిలితే ఈ సెక్షన్ అసలుకే రాదు. షరతు పెట్టిన్రే అనుకోండ్రి, అది ఎవరి మీద పడుతది? కాంట్రాక్టు మీద ఊడ్చేటోళ్ల మీద, వార్డు బాయ్ మీద. కారుల కూసోని తాగే పెద్ద సారు జోలికి ఎవరూ పోరు. ఇది నాకు మనసుకు పట్టదు.

నల్లగొండ_ఫార్మసీ:
మానమనేవాళ్లు మానడానికి దారి కూడా చూపాలి. నికోటిన్ ఒంట్లో రెండు గంటలకు సగమైపోతది. పన్నెండు గంటల నైట్ డ్యూటీలో ఏ సాయమూ లేకుండా ఆపితే చిరాకు, కుదురు లేకపోవడం, ధ్యాస తప్పడం మొదలైతయి. ఆ స్థితిలో ఇంజక్షన్ డోసు లెక్క తప్పొద్దు కదా. మొదటి మూడు రోజులు మరీ గట్టివి, తర్వాత రెండు నుంచి నాలుగు వారాల్లో సద్దుకుంటది.

పొగాకు మానడానికి నికోటిన్ గమ్ ఉంది. 2 మి.గ్రా. చీటీ లేకుండా ఇస్తం, 4 మి.గ్రా.కు డాక్టర్ చీటీ కావాలి. లేచిన అరగంట లోపే ముట్టించేవాళ్లకు 4, మిగతావాళ్లకు 2. "గమ్ పనిచెయ్యలేదు" అని తిరిగొచ్చేవాళ్లలో ఎక్కువమంది దాన్ని చూయింగ్ గమ్ లాగా నమిలినవాళ్లే. రసం మింగితే ఎక్కిళ్లు, వికారం, ఛాతీలో మంట, పైగా మందులో చాలా భాగం లివర్ కాడనే ఖర్చైతది. మెల్లగా నమలాలి, నాలుకకు చురుకు తగలంగనే ఆపి బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టాలి. చురుకు తగ్గినంక మళ్లీ నమిలి, ఈసారి రెండో పక్కన. ఒక్కోటి అరగంట. నమిలే ముందు పదిహేను నిమిషాలు, నములుతున్నంతసేపు చాయ్ వద్దు, నోట్లో పులుపు చేరితే నికోటిన్ రక్తంలోకి ఎక్కదు. డ్యూటీ బ్రేకులో చాయ్‌తోపాటు గమ్ వేసుకోవడం అందరూ చేసే తప్పు. మొదటి ఆరు వారాలు గంట రెండు గంటలకొకటి, తర్వాత మెల్లగా తగ్గిస్తూ పన్నెండు వారాలకు ఆపాలి. గర్భిణులు, ఈమధ్య గుండెపోటు వచ్చినవాళ్లు డాక్టర్ను అడగకుండా వాడొద్దు.

పాలమూరు_సిస్టర్:
ఉద్యోగమే ఇవ్వొద్దన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. వార్డు అన్న చెప్పినట్టు అది చిన్నవాళ్ల మీదే పడుతది. కానీ ఆదర్శం అన్నది ఉత్త మాటని మాత్రం ఒప్పుకోను. 1951లో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే పరిశోధకులు బ్రిటన్‌లో డాక్టర్లకే ఉత్తరాలు రాసి వాళ్ల అలవాట్లు అడిగిన్రు. 34 వేలకు పైగా మగ డాక్టర్లను ఏళ్ల తరబడి గమనించిన్రు. 2004లో వచ్చిన యాభై ఏళ్ల లెక్క ప్రకారం, మానకుండా తాగినవాళ్లు సుమారు పదేళ్లు ముందే పోయిన్రు. అరవైలో మానితే మూడేళ్లు, యాభైలో ఆరు, నలభైలో తొమ్మిది, ముప్పైలో మానితే దాదాపు ఆ పదేళ్లూ దక్కినయి. అక్కడి డాక్టర్లు తమవాళ్ల చావుల లెక్క చూసి జనంకన్నా ముందు మానిన్రు. మనకాడ కూడా ముందు మానాల్సింది పెద్ద సార్లే. యూనిఫాంలో ఉన్నంతసేపు పొగ, ఖైనీ రెండూ బంద్, సూపరింటెండెంట్ నుంచి స్వీపర్ దాకా అందరికీ ఒకే రూలు. ఇది మాత్రం వదలను.

దేవరకొండ_పల్లెదవాఖాన:
డ్యూటీలో బంద్, నాకూ సమ్మతమే. అయితే రూలు కాగితం గోడకు అంటించిన రోజే గమ్ కూడా స్టోర్‌లో ఉండాలి, కాంట్రాక్టువాళ్లకూ ఉచితంగా. పొగాకు మానడానికి ఫోన్‌లో సాయం చేసే క్విట్‌లైన్ నంబరు 1800-11-2356 పేషెంట్లకు రాసిస్తున్నం, అదే నంబరు డ్యూటీ రూంలో కూడా పెట్టాలి. ఫార్మసీ అన్నా, రాత్రి ఎనిమిదికి డ్యూటీ ఎక్కేవాళ్లు మొదటి గమ్ ఎప్పుడు వేసుకోవాలి?

నల్లగొండ_ఫార్మసీ:
ఏడుంబావుకు చాయ్ తాగెయ్యాలి, నోరు పుక్కిలించాలి, ఏడున్నరకు గమ్. ఎనిమిదికి రిజిస్టర్‌లో సంతకం పెట్టేసరికి అది అయిపోతది. తల్లడం పుట్టినంక వేసుకుంటే ఆలస్యమే, గమ్ మెల్లగా ఎక్కుతది, బీడీ లాగా క్షణాల్లో కాదు. అందుకే గడియారం చూసి వేసుకోవాలి.