అప్‌డేట్: మా ప్యాకింగ్ మెషీన్‌కు ఏ స్టాండర్డ్ వర్తిస్తుందో తేలింది

మేం తయారుచేసే 415 వోల్టుల పప్పుల ప్యాకింగ్ మెషీన్‌కు ఐఈసీ (విద్యుత్ పరికరాలకు అంతర్జాతీయ స్టాండర్డ్‌లు రాసే సంస్థ) 61010-1 చూడాలా, 60204-1 చూడాలా అని పోయిన నెల అడిగాను. 60204-1నే, అంటే యంత్రాల్లోని విద్యుత్ పరికరాల భద్రతకు సంబంధించిన స్టాండర్డ్. “పేరు కాదు, అది చేసే పని చూడండి” అని మీలో ఒకరు అన్న మాటతోనే చిక్కు వీడింది, చాలా థ్యాంక్స్. 61010 కొలత, కంట్రోల్, ల్యాబ్ పరికరాలకు. మాది మోటార్లతో నడిచే యంత్రం.

టెన్షన్ అంతా ఇన్సులేషన్ టెస్ట్ (వైర్ల నుంచి మెషీన్ బాడీకి కరెంటు లీకవుతుందా అని చూసే పరీక్ష) దగ్గరే. 500 వోల్టుల డీసీ ఇస్తే కనీసం 1 మెగాఓమ్ రావాలి, మాకు 0.4 వచ్చింది! వైరింగ్ మొత్తం విప్పి చూశాం. చివరికి చూస్తే కారణం ప్యాకెట్లను అతికించే సీలింగ్ హీటర్. వాడకుండా ఉంచడంతో తేమ పట్టింది. ఆరబెట్టి మళ్లీ చూస్తే 20 దాటింది. ముందు హీటర్ వైర్లు విడదీసి కొలవండి, మా రెండు రోజులు అక్కడే పోయాయి.