సమస్య: "పాట చెరిపినంత పాట నిలిచె"

మోడరేటర్: కంప్యూటర్‌లో ఒకే పాట రెండేసి, మూడేసి చోట్ల పడి ఉంటే రాత్రంతా ఏరుతూ కూర్చున్నాను. ఆ పనిలోనే ఈ పాదం తట్టింది. ఇదే చివరి పాదంగా పద్యం పూరించండి.

పద్యపిపాసి:

రెండు ప్రతులలోన రేటు తక్కువదాని
తీసి పారవేయ తేటపడుచు
చెవుల కింపు గూర్చు చిక్కని ధ్వనితోడ
పాట చెరిపినంత పాట నిలిచె

గురులఘువు: ధార బాగుంది, 'చెవుల – చిక్కని' యతి హాయిగా పడింది. భావంతోనే పేచీ. రేటు, అంటే బిట్‌రేటు (సెకనుకు ఎన్ని కిలోబిట్లో), ఎక్కువ ఉన్నంత మాత్రాన ధ్వని చిక్కనిదని ఎలా అంటారు? నాలుగు నిమిషాల పాట 128లో 3.8 ఎంబీ, 320లో 9.6 ఎంబీ. ఆ పెద్ద అంకె చూసి నేనూ చిన్నదాన్ని తీసేశాను. తర్వాత ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో స్పెక్ట్రోగ్రామ్ (ఏ పౌనఃపున్యంలో ధ్వని ఎంత ఉందో చూపే పటం) తెరిస్తే 16 కిలోహెర్ట్జ్ పైన కత్తితో కోసినట్టు ఖాళీ. అంటే పాత 128 ఫైలునే ఎవరో 320గా మళ్లీ మార్చి పెట్టారు. పోయిన ధ్వని అలా తిరిగి రాదు. అసలుది చెరిపి నకలు దాచుకున్నందుకు ఇప్పటికీ బాధే.

పద్యపిపాసి: ఒప్పుకుంటున్నాను. 'రేటు'ను నమ్మడం నా పొరపాటే. అయితే మీ పూరణ ఏదీ?

తేనెచినుకు: ముందు నాది చూడండి.

తెల్లవారి చూడ తిరిగివచ్చెను జోడు
సింకు చేయు యంత్రము చిత్రమిద్ది
నిన్న రాత్రి నేను నిద్ర మానుకొని యీ
పాట చెరిపినంత పాట నిలిచె

గురులఘువు: రెండో పాదంలో 'ము' ఎక్కువైంది. 'యంత్ర చిత్రమిద్ది' అనండి, సమాసం కుదురుతుంది, గణమూ నిలబడుతుంది.

పద్యపిపాసి: ఆయన 'ము' దగ్గరే ఆగారు, విషయం చూడలేదు. రెండువైపులా సింక్ (రెండు చోట్ల ఫైళ్లను ఒకేలా ఉంచడం) అయితే ఇక్కడ చెరిపింది అక్కడా చెరిగిపోతుంది. తిరిగొచ్చిందంటే అది ఒకవైపు కాపీ. బ్యాకప్ ఫోల్డర్ నుంచి మళ్లీ దిగి ఉంటుంది.

తేనెచినుకు: అవును, బ్యాకప్ నుంచే దిగింది. 'ము' తీసేశాను. కానీ గురులఘువు గారూ, పోయిన సమస్యలో మీరు 'ఫోల్డర్'ను రెండు గురువులుగా కొట్టినప్పుడు నేను 'ఫోల్డరు' అనాలన్నాను. వాడుకలో అలా లేదని తోసేశారు. మరి ఇప్పుడు నా 'సింకు'కు చివర ఉకారం ఎలా ఒప్పుకున్నారు?

గురులఘువు: ఆ రోజు నేను మొండికేశాను. ఉకారం చేర్చడమే తెలుగు పద్ధతి, మీ మాటే సరైనది. ఇదిగో నా పూరణ, ఇందులో 'ఫైలు' అనే రాశాను.

పేరులుండె రెండు పెట్టెలోపల నొక్క
పాటకే యెరుగక ఫైలు నొకటి
తీసివేయ చోటు తిలమంత మిగలదు
పాట చెరిపినంత పాట నిలిచె

మోడరేటర్: హార్డ్ లింక్! డిస్క్ మీద డేటా ఒక్కటే, దానికి పేర్లు రెండు. ఒక పేరు తీసేసినా రెండోది ఉన్నంతకాలం డేటా కదలదు, చోటూ ఖాళీ కాదు. సమస్యలోని విరోధం అక్షరాలా నిజమైపోయింది. ఈ విరుపు నాకు తట్టనే లేదు.

పద్యపిపాసి: 'తిలమంత' దగ్గర ఆగిపోయాను, ఎంత చక్కగా పడింది! గురులఘువు గారిని ఇన్నాళ్లూ గణాలు లెక్కపెట్టే మనిషే అనుకున్నాను. నా మొదటి రెండు పాదాలు మార్చుకున్నాను, చూడండి.

రెండు ప్రతులు విన్న రీతి చక్కగ నెంచి
తేలిపోవుదాని తీసివేయ

ఇప్పుడు అంకె లేదు, చెవే తేల్చింది.

గురులఘువు: ఇది నిలబడుతుంది. మూడో పాదం ముట్టుకోకండి. ఒక్క మాట, చెరిపే ముందు ప్లేలిస్ట్ ఏ ప్రతి దారిని పట్టుకుని ఉందో చూసుకోండి. ఎం3యూ ఫైల్లో, అంటే ప్లేలిస్ట్ ఫైల్లో, ఉండేది పాట కాదు, పాట ఉన్న చోటు. ఆ ప్రతి పోతే జాబితాలో పేరు ఉంటుంది, పాట మోగదు.

తేనెచినుకు: అయితే 'పేరు నిలిచె గాని పాట పోయె' అని వచ్చే వారం సమస్య ఇవ్వండి!

మోడరేటర్: 'పే'కూ 'పా'కూ యతి కుదరదు తేనెచినుకు గారూ. సరిచేసి పంపండి, అదే ఇస్తాను.