కన్సల్టింగ్ సంస్థలో ఇన్నోవేషన్‌కు వేరే టీమ్ అవసరమా?

కొత్త_మేనేజర్: కొత్త సేవలు తయారు చేయడానికి విడిగా ఒక టీమ్ పెడదామంటున్నారు మా పార్ట్‌నర్లు. ప్రాజెక్టుల్లో ఉన్నవాళ్లకు తీరిక ఉండదట. మీరేమంటారు?

స్లైడ్ల_మేస్త్రి: పెట్టాల్సిందే. ప్రాజెక్టులో మునిగినవాడికి డెడ్‌లైన్ తప్ప ఇంకేం కనిపిస్తుంది? పెద్ద కన్సల్టింగ్ సంస్థ మెకిన్సే 2015లో క్వాంటమ్‌బ్లాక్ అనే అనలిటిక్స్ కంపెనీనే కొనేసింది. దానికి పోటీ సంస్థ బీసీజీ (బోస్టన్ కన్సల్టింగ్ గ్రూప్) కూడా డిజిటల్ వెంచర్స్ పేరుతో వేరే విభాగం పెట్టింది. పెద్దవాళ్లకే లోపల కుదరలేదు.

పాత_బెంచీ: నేను ఒప్పుకోను. సాఫ్ట్‌వేర్ కట్టాలంటే వేరే టీమ్ సరే, సలహా పద్ధతి అలా పుట్టదు. 1970లో బీసీజీ బయటపెట్టిన గ్రోత్-షేర్ మ్యాట్రిక్స్ చూడండి. నాలుగైదు వ్యాపారాలున్న క్లయింట్ దేనిలో డబ్బు పెట్టాలి, దేన్ని వదిలేయాలి అన్న ప్రశ్నకు జవాబు అది. క్లయింట్ మొహం చూడని టీమ్‌కు అసలు ఆ ప్రశ్నే తట్టదు.

తీరిక లేదన్నది సగం నిజం. అసలు అడ్డు యుటిలైజేషన్, అంటే మన పని గంటల్లో క్లయింట్‌కు బిల్ చేసినవాటి శాతం. వారంలో 40 గంటలకు 32 బిల్ చేస్తే 80 శాతం. కొత్త పద్ధతి రాయడానికి ఆరు గంటలు తీశారనుకోండి, 65కు పడిపోతుంది. అప్రైజల్‌లో ఆ 65 ఒక్కటే కనిపిస్తుంది, రాసిన పద్ధతి కాదు. ఇక ఎవరు రాస్తారు?

ఇంకోటి, దీని గురించి ఎవరూ పైకి మాట్లాడరు. గంటల లెక్కన ఫీజు తీసుకునే చోట మూడు వారాల పనిని మూడు రోజుల్లో తేల్చే టూల్ తెస్తే తగ్గేది మన బిల్లే. పార్ట్‌నర్ పొగుడుతాడు, వాడడు. ముందు కొన్ని ప్రాజెక్టులైనా ఫిక్స్‌డ్ ఫీజుకు మార్చండి.

స్లైడ్ల_మేస్త్రి: సరే, ఆ ఆరు గంటలకు ఇంటర్నల్ కోడ్ (సంస్థ సొంత పని గంటలు రాసుకునే ఖాతా) ఇచ్చి యుటిలైజేషన్‌లో కలిపారనుకుందాం. ప్రాజెక్టు లేక బెంచ్ మీద ఉన్నవాళ్లంతా ఖాళీ గంటలు అందులోనే పడేస్తారు!

పాత_బెంచీ: పడేస్తారు, అనుమానం లేదు. అందుకే ఆ కోడ్ అందరికీ తెరవకూడదు. "నా క్లయింట్ దగ్గర దీన్ని ప్రయత్నిస్తాను" అని ఒక పార్ట్‌నర్ సంతకం పెడితేనే గంటలు ఇవ్వాలి. మూడు నెలల్లో వాడకపోతే కోడ్ మూసేయాలి. చాలా ఐడియాలు ఆ సంతకం దగ్గరే ఆగిపోతాయి, ఆగనివ్వండి.

ఫైళ్ల_కాపలా: కాంట్రాక్ట్ సంగతి మరిచారు. ఒక క్లయింట్ డబ్బుతో, వాళ్ల డేటాతో తయారైనదాన్ని ఇంకొకరికి అమ్మొచ్చా? పద్ధతి మనది, డేటా వాళ్లది అని ఒప్పందంలో మొదటే రాయించుకోకపోతే తర్వాత లీగల్ వాళ్లు తాకనివ్వరు.

కొత్త_మేనేజర్: మా ఒప్పందాల్లో ఆ క్లాజ్ లేదు. ఫిక్స్‌డ్ ఫీజు మాటెత్తితే పార్ట్‌నర్లు వినరు కానీ, సంతకం పద్ధతి ఒక ప్రాక్టీస్ (విభాగం)లో పెట్టి చూస్తాం. వేరే టీమ్ ప్రతిపాదన అప్పటిదాకా ఆపమంటాను.