రహీం సాబ్ పోయాక హైదరాబాద్ ఫుట్‌బాల్ ఎందుకు చల్లారింది? తప్పు ఆయనదా, మనదా?

ఫతేమైదాన్_పాతకాపు:
ఆయన మీద హిందీ సినిమా వచ్చినప్పటి నుంచీ మా గ్రూపుల్లో అన్నీ రహీం సాబ్ ఫొటోలే. నాకూ ఆయనంటే ప్రాణమే. అయినా ఒక మాట అడుగుతా, తిట్టేవాళ్ళు తిట్టండి.

తెలియని పిల్లల కోసం ముందు నాలుగు ముక్కలు. సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో పుట్టారు. ఉస్మానియాలో చదివి, కాచిగూడ మిడిల్ స్కూల్లో, చాదర్‌ఘాట్ హైస్కూల్లో పాఠాలు చెప్పిన బడిపంతులు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఆయన కోచింగ్‌లోనే 1950 నుంచి 1954 దాకా వరసగా 5 సార్లు రోవర్స్ కప్ అనే పెద్ద ఫుట్‌బాల్ టోర్నమెంట్ గెలిచింది. ఇండియా కోచ్‌గా 1951 ఢిల్లీ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. జకార్తా ఫైనల్ సెప్టెంబర్ 4న. మరుసటి జూన్‌లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో ఆయన పోయారు.

ఆ తర్వాత ఇండియాకి ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మళ్ళీ బంగారం లేదు. మన ఊరి ఆట కూడా అంతే. నా ప్రశ్న ఇది: అన్నీ ఆయన బుర్రలో, ఆయన విజిల్‌లో ఉండిపోయాయి. పక్కన ఇంకో రహీంను తయారుచేయలేదు. ఆ లోటు ఆయన ఖాతాలో రాయొద్దా?

కాచిగూడ_బాబాయ్:
రాయొద్దు. యాభై మూడేళ్ళకే పోయిన మనిషిని వారసుణ్ణి ఎందుకు పెట్టలేదని అడుగుతున్నావా? అయినా 1963తోనే అంతా అయిపోయిందని ఎవరు చెప్పారు? 1965–66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ, అంటే రాష్ట్రాల జట్ల జాతీయ పోటీ, గెలిచింది. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన జట్టుకి కెప్టెన్ మన నయీముద్దీన్. ఆ జట్టులో మన హబీబ్ కూడా ఉన్నాడు. 1977లో పెలే కలకత్తా వచ్చినప్పుడు అక్కడి మోహన్ బగాన్ క్లబ్ తరఫున ఒక గోల్ కొట్టింది ఆ హబీబే.

ఫతేమైదాన్_పాతకాపు:
బాబాయ్, మీరే నా మాట బలపరిచారు. హబీబ్ ఆడింది ఎక్కడ? కలకత్తాలో. నయీముద్దీన్ కోచ్‌లకిచ్చే ద్రోణాచార్య అవార్డు దాకా వెళ్ళిన కోచ్, ఆయన పేరు మోగింది ఎక్కడ? అక్కడే.

కాచిగూడ_బాబాయ్:
అదే కదా నేను చెప్పేది. మనుషుల్ని ఆయన తయారుచేశాడు, వాళ్ళని నిలబెట్టుకోలేనిది ఊరు. మా నాన్న కాలంలో బంతి బాగా తన్నే కుర్రాడంటే పోలీసులో కొలువు దొరుకుతుందని ఇంట్లో ఆశ. ఆ ఆశ సన్నగిల్లాక ఏ తల్లి పంపుతుంది గ్రౌండుకి? కలకత్తా వాళ్ళు డబ్బిచ్చారు, గ్యాలరీ నిండా జనాన్నిచ్చారు. మనం దండలేశాం.

షటిల్_సుబ్బలక్ష్మి:
నేను బ్యాడ్మింటన్ మనిషిని, మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. ఇదే ఊళ్ళో బ్యాడ్మింటన్ కోచ్ ఆరిఫ్ సర్ గోపీచంద్‌కి నేర్పారు, గోపీచంద్ సైనాకి, సింధుకి నేర్పారు. ఫుట్‌బాల్‌లో ఆ గొలుసు మొదటి లింకు దగ్గరే ఎందుకు తెగింది? పాతకాపు గారి ప్రశ్నలో అన్యాయమేమీ కనిపించడం లేదు నాకు.

కాచిగూడ_బాబాయ్:
అమ్మా, గోపీచంద్‌కి గచ్చిబౌలిలో సర్కారు స్థలం ఇచ్చింది. రహీం సాబ్‌కి ఏమిచ్చారు? పొద్దున బడి, సాయంత్రం మైదానం. అదీ ఆయన అకాడమీ.

క్రికెట్_రవి:
అవన్నీ కాదు, క్రికెట్ వచ్చి మింగేసింది. కథ ఖతం.

ఫతేమైదాన్_పాతకాపు:
రవీ, కేరళలో క్రికెట్ లేదా? బెంగాల్‌లో లేదా? ఆ సాకు ఇక్కడ చెల్లదు.

బస్తీ_విజిల్:
ఇప్పటిదాకా చదువుకుంట కూసున్న. మా బస్తీల రోజు పొద్దుగాల 30 మంది పోరగాండ్లకు ఫుట్‌బాల్ నేర్పిస్త. జీతం లేదు, నౌకరీ వేరే ఉంది. అందుకే మీరు పతకాలు లెక్కవెడ్తుంటే నాకు జర కష్టమైతది.

రహీం సాబ్ పిల్లలకు పెట్టిన పోటీల గురించి ఎవ్వరు మాట్లాడ్తలేరు. చేతగాని కాలుతోనే ఆడాలె, అసొంటి టోర్నమెంట్లు. డ్రిబ్లింగ్ బంద్, బంతి వస్తే ఇంకొకనికి ఇయ్యాలె, అసొంటివి ఇంకొన్ని. ఇవి చదివినంక నేను సుత మొదలువెట్టిన. రూల్ ఒక్కటే: కుడికాలోడు కుడికాలుతో తంతే ఫ్రీకిక్ అవుతలోల్లకు. మొదటి దినం నవ్వుడే నవ్వుడు. మా దగ్గర జోర్దార్ పోరడు ఒకడుండె, అందరిని దాటుకుంట పోయి గోల్ కొట్టేటోడు. ఆనికి ఆ దినం బంతి ఆగనే లేదు, కోపంతోని బయటికి పోయి కూసున్నడు. ఎన్నడు బంతి దొరకని సన్న పోరడు ఎడమకాలోడు. ఆనికి మాత్రం ఆ దినం పండుగే. మూడు నెలలైనంక చూస్తే అందరు తల ఎత్తి ఆడుతున్నరు, పక్కోడు యాడున్నడో చూస్తున్నరు.

గిది రాయనీకి పుస్తకం గావాల్నా? వారసుడు గావాల్నా? చెప్తె చాలు. అరవై ఏండ్లైనంక నా అసొంటోని దాకా వచ్చింది కద, అన్నా.

ఇంకో ముచ్చట. బలరాం సాబ్ ఎరుకే కద, సికింద్రాబాద్ అమ్ముగూడ పిలగాడు, 1956 ఒలింపిక్స్ ఆడినోడు. గరీబు ఇల్లు. ప్రాక్టీసుకు హైదరాబాద్ వచ్చెతందుకు కిరాయి సైకిల్ కోసం రహీం సాబ్ దినానికో రూపాయి ఇచ్చేటోడని ఆయననే చెప్పుకున్నడు. నా దగ్గర సుత ఇద్దరు బస్ కిరాయికే మానేసిండ్రు. ఆ రూపాయి విలువ నాకు ఎరుక.

షటిల్_సుబ్బలక్ష్మి:
విజిల్ గారూ, మీ పోస్టు మా అబ్బాయికి చదివి వినిపించాను. మీ దగ్గర ఆడపిల్లలు ఉన్నారా?

బస్తీ_విజిల్:
నలుగురున్నరు మేడం. నిజామాబాద్ నుంచి సౌమ్య గుగులోత్ ఇండియాకు ఆడుతుందని ఫోన్ల వీడియో చూపించిన. గప్పుడు ఇంకో ఇద్దరి తల్లులు ఒప్పుకున్నరు.

ఫతేమైదాన్_పాతకాపు:
తమ్ముడూ, మనసుకి తాకేలా రాశావు. కానీ నా ప్రశ్న ఇంకా తీరలేదు. నీకు ఆ పోటీల సంగతి అనుకోకుండా తెలిసింది. తెలియని వందమంది కోచ్‌ల మాటేమిటి? 1952 హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 10–1తో ఓడాం, మనవాళ్ళు చాలామంది వట్టికాళ్ళతో ఆడారు. ఆ ఓటమి నుంచి నాలుగేళ్ళలో ఒలింపిక్ సెమీఫైనల్‌కి తీసుకెళ్ళిన మనిషి ఏం మార్చాడో, ఎలా మార్చాడో కూర్చోబెట్టి రాయించి ఉంటే?

కాచిగూడ_బాబాయ్:
ఇప్పుడు దారికొచ్చావు. "రాయించి" అన్నావు. రాయించాల్సింది ఎవరు? జకార్తాలో తలకి కుట్లున్న డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ఫార్వర్డ్‌గా దించితే ఫైనల్లో గోల్ కొట్టాడు. అంత ధైర్యం చేసిన మనిషి దగ్గరికి నోటుబుక్కు పట్టుకుని ఒక్కడైనా వెళ్ళాడా? ఆయనకేమో బడి, మైదానం, ఆపైన జబ్బు.

ఫతేమైదాన్_పాతకాపు:
సరే, సగం తప్పు ఊరిది. మిగతా సగం దగ్గర నేను ఇంకా మొండిగానే ఉన్నా.

బస్తీ_విజిల్:
మొండిగనే ఉండుర్రి అన్నా, గని ఓ పని జెయ్యుర్రి. మీకు పాత ఆటగాళ్ళు చానమంది ఎరుకంటున్నరు. ఒకల్నిద్దర్ని ఆయితారం పట్కరండ్రి. వాళ్ళు చెప్పింది నేను ఫోన్ల రికార్డ్ చేస్త. గ్రౌండు మాత్రం 8 గంటల దాకనే మనది, తర్వాత ఫంక్షన్‌కు ఇచ్చిండ్రట, కుర్చీలు దింపుతరు.

ఫతేమైదాన్_పాతకాపు:
ఆరింటికల్లా అక్కడుంటా. ఒకాయనకి మోకాళ్ళ నొప్పులు, ఆటోలో తీసుకొస్తా. నన్ను కూడా ఆడిస్తావా? చేతగాని కాలు రూల్ నాకు వద్దు తమ్ముడూ, నాకు రెండూ అవే.