ఆగి ఉన్న సెన్సార్ ఎస్కలేటర్ ఎటు వెళ్తుందో చూపు లేనివారికి తెలిసేదెలా?

నాకు చూపు పూర్తిగా లేదు, తెల్లకర్రతో ఒంటరిగా తిరుగుతాను. నడుస్తున్న ఎస్కలేటర్‌తో ఇబ్బంది లేదు. ఎస్కలేటర్ మొదట్లో నేల మీదుండే లోహపు రేకు కర్రకు తగలగానే ఆగి, పక్కనున్న రబ్బరు పట్టీ మీద చేయి పెడతాను. పట్టీ ముందుకు జారితే ఎక్కవచ్చు, నా వైపు వస్తుంటే అది ఎదురుదారి. రేకు చివరి దువ్వెన పళ్ల అంచును పాదంతో పట్టుకుని, కర్రను ఒక మెట్టు ముందు నిలిపి అడుగేస్తాను. చేతి కింద పట్టీ వాలు పోయి చదునైతే కాలివేళ్లు పైకెత్తుతాను. (కర్రకు గుండ్రటి మొన ఉండాలి, సన్నదైతే గాడిలో ఇరుక్కుంటుంది.)

చిక్కంతా తిరుపతిలో నేను వెళ్లే ఒక మాల్‌లో. అక్కడ పక్కపక్కనే ఉన్న రెండు ఎస్కలేటర్లూ సెన్సార్‌వి, అంటే మనిషి వస్తేనే కదిలేవి. ఉదయం తెరవగానే జనం ఉండరు, రెండూ ఆగే ఉంటాయి. పట్టీ కదలదు, మోటారు చప్పుడూ ఉండదు. రేకు మీదికి వెళ్తేనే కదులుతాయి, అప్పటికి నేను మెట్టు అంచున ఉంటాను.

కర్రతో రేకు తట్టి చూశాను, సెన్సార్ పలకలేదు. ఫోన్ యాప్ అక్షరాలు చదువుతుంది గానీ ఎరుపు, పచ్చ బాణం గుర్తులు చెప్పదు. కుడివైపుది పైకి అని గుర్తుపెట్టుకుందామంటే రద్దీ రోజుల్లో దిశ మారుస్తారు. సెక్యూరిటీవాళ్లు లిఫ్ట్ దగ్గరికే తీసుకెళ్తారు. అది సాయమే, కానీ నాకు సొంతంగా వెళ్లడం ముఖ్యం.

మెట్టు అంచుకు దూరంగానే నిలబడి, ఆగి ఉన్న ఎస్కలేటర్‌ను కదిలించి దిశ తెలుసుకునే పద్ధతి మీలో ఎవరైనా వాడుతున్నారా?